మాక్రోతో సీఎస్‌వీ తెరిస్తే 3 ఏప్రిల్ కాస్తా 4 మార్చి అవుతోంది, చేత్తో తెరిస్తే సరిగ్గానే వస్తోంది

ప్రశ్న

అందరికీ నమస్కారం. బ్యాంకు నుంచి నెలనెలా దించుకునే స్టేట్‌మెంట్ సీఎస్‌వీని (విలువల మధ్య కామాలు ఉండే మామూలు టెక్స్ట్ ఫైల్) ఎక్సెల్ మాక్రోతో, అంటే పనిని దానంతట అదే చేసే చిన్న ప్రోగ్రామ్‌తో, లెడ్జర్ షీట్‌లోకి తెస్తున్నాం. ఫైల్లో తేదీలు 03/04/2024 పద్ధతిలో ఉంటాయి, ముందు రోజు, తర్వాత నెల. ఆ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే 3 ఏప్రిల్ అనే చూపిస్తోంది. అదే ఫైల్‌ను మాక్రోలో వర్క్‌బుక్స్.ఓపెన్‌తో తెరిస్తే 4 మార్చి అవుతోంది. 12వ తేదీ దాటిన వరుసలు మాత్రం సెల్‌లో ఎడమ అంచుకు అతుక్కుని ఉంటున్నాయి, వాటికి ఈజ్‌నంబర్ (సెల్‌లో ఉన్నది సంఖ్యేనా అని చూసే ఫంక్షన్) పెడితే ఫాల్స్ వస్తోంది.

సిస్టమ్ రీజియన్ ఇంగ్లీష్ (ఇండియా). షార్ట్ డేట్‌లో ముందు రోజు, మధ్యలో అడ్డగీత. సెల్ విలువను సీడేట్‌తో (దేన్నైనా తేదీగా మార్చే ఫంక్షన్) తీసుకుని, ఫార్మాట్ ఫంక్షన్‌లో "డీడీ/ఎమ్ఎమ్/వైవైవైవై" పెట్టి తిరిగి అదే సెల్‌లో రాస్తే ఒకసారి సరిపోతోంది. మాక్రో మళ్లీ నడిపితే మళ్లీ తిరగబడుతోంది. ఏప్రిల్ మొదటి వారం ఎంట్రీలు మార్చిలోకి, జనవరిలోకి పోతే 2024-25 లెక్కలు 2023-24లో పడతాయి కదా, అందుకే దీన్ని అలా వదిలేయలేం.

తెలుసుకోవాలనుకుంటున్నవి రెండు. తెరిచేటప్పుడే తేదీలు సరిగ్గా రావాలంటే ఏం చేయాలి? ఇప్పటికే తలకిందులైన షీట్లను బాగుచేసే వీలుందా? ఇంకో మాట, ఈ మాక్రో ఇక్కడి సిస్టమ్‌లలోనూ, అమెరికా రీజియన్ పెట్టి ఉన్న ఒక సిస్టమ్‌లోనూ నడవాలి.

సమాధానం 1

వర్క్‌బుక్స్.ఓపెన్‌కి చివర్లో లోకల్ అని ఒక ఆర్గ్యుమెంట్ ఉంది. దాన్ని లోకల్:=ట్రూ అని ఇవ్వండి. ఇవ్వకపోతే ఫాల్స్ అని తీసుకుంటుంది. అప్పుడు ఎక్సెల్ మీ కంట్రోల్ ప్యానెల్‌లోని రీజియన్‌ను పక్కన పెట్టి, వీబీఏ (మాక్రోలు రాసే భాష) ప్రకారం, అంటే అమెరికా ఇంగ్లీషు పద్ధతిలో ఫైల్‌ను చదువుతుంది. డబుల్ క్లిక్ చేసినప్పుడు మీ రీజియన్ ప్రకారం చదువుతుంది. మీకు కనిపిస్తున్న తేడాకి కారణం ఇదే.

సమాధానం 2

పైన చెప్పింది సరైన మాటే. ఇక్కడి సిస్టమ్‌లో సమస్య వెంటనే తీరుతుంది. కానీ లోకల్:=ట్రూ అంటే "ఈ సిస్టమ్ ఎలా చెబితే అలా చదువు" అని. మీ మాక్రో అమెరికా రీజియన్ ఉన్న సిస్టమ్‌లో కూడా నడవాలన్నారు కాబట్టి, అక్కడ అదే లైను మళ్లీ 4 మార్చే ఇస్తుంది. ఫైల్లో తేదీ ఏ వరసలో ఉందో చెప్పాల్సింది మాక్రో రాసేవాళ్లే. ఆ నిర్ణయం సిస్టమ్‌కి వదిలేస్తే ఎప్పటికైనా తేడా వస్తుంది.

ముందు లోపల ఏం జరుగుతోందో చూడండి. ఎక్సెల్ దృష్టిలో తేదీ అంటే ఒక సంఖ్య. 1 జనవరి 1900 అంటే 1. 3 ఏప్రిల్ 2024 అంటే 45385. 4 మార్చి 2024 అంటే 45355. సెల్‌లో కనిపించే రూపం ఆ సంఖ్యకు వేసిన ముసుగు మాత్రమే, ముసుగు మార్చినంత మాత్రాన సంఖ్య మారదు. సంఖ్య 45355గా పడిపోయాక ఏ ఫార్మాట్ పెట్టినా అది 4 మార్చిగానే ఉంటుంది. కాబట్టి ఫైల్లోని అక్షరాలు సంఖ్యగా మారే ఆ ఒక్క చోటునే పట్టుకోవాలి.

వీబీఏలో ఆ మార్పిడి ఒక్కోచోట ఒక్కో నియమంతో జరుగుతుంది. చాలామందిని తికమక పెట్టేది ఇదే.

కోడ్‌లో రెండు హ్యాష్ గుర్తుల మధ్య రాసే తేదీ, అంటే #4/3/2024# లాంటిది, ఎప్పుడూ అమెరికా పద్ధతే. ముందు నెల. సిస్టమ్ ఏదైనా సరే. మీరు #13/4/2024# అని కొడితే ఎడిటర్ తనంతట తానే దాన్ని #4/13/2024# అని తిప్పి రాస్తుంది.

సీడేట్, డేట్‌వాల్యూ మాత్రం సిస్టమ్ రీజియన్‌ను చూస్తాయి. ఇక్కడ "03/04/2024" అంటే 3 ఏప్రిల్, అమెరికా సిస్టమ్‌లో 4 మార్చి. అసలు ప్రమాదం వేరే ఉంది. రీజియన్ చెప్పిన వరసలో తేదీ కుదరకపోతే ఇవి ఎర్రర్ ఇవ్వవు, చడీచప్పుడు లేకుండా రెండో వరసలో ప్రయత్నిస్తాయి. అమెరికా సిస్టమ్‌లో సీడేట్‌కి "13/04/2024" ఇస్తే 13 ఏప్రిల్ అనే చెబుతుంది. అందుకే పరీక్షకు 25వ తేదీనో 31వ తేదీనో పెట్టి "బాగానే ఉంది" అనుకున్న మాక్రోలు తర్వాత ఒకటి నుంచి పన్నెండో తేదీల దగ్గర దెబ్బతింటాయి. ఈజ్‌డేట్ కూడా అంతే, ఏదో ఒక వరసలో కుదిరితే చాలు ట్రూ అంటుంది. దాన్ని తనిఖీగా నమ్ముకోవద్దు.

మూడోది, సెల్.వాల్యూకి స్ట్రింగ్ (ఉత్త అక్షరాల వరుస) రాయడం. వీబీఏ నుంచి స్ట్రింగ్‌గా "03/04/2024" రాస్తే ఎక్సెల్ దాన్ని ముందుగా అమెరికా వరసలో చదువుతుంది, రీజియన్ ఏదైనా సరే. మీ మాక్రో ఒకసారి సరిచేసి ఇంకోసారి తిరగేయడానికి కారణం ఇదే. సెల్‌లో 4 మార్చి ఉంది, ఫార్మాట్ దాన్ని "04-03-2024" అనే స్ట్రింగ్ చేసింది, సెల్ దాన్ని నెల ముందు అనుకుని 3 ఏప్రిల్ చేసుకుంది. మళ్లీ నడిపితే 3 ఏప్రిల్ "03-04-2024" అయ్యి 4 మార్చి అవుతుంది. ఫార్మాట్ ఇచ్చేది స్ట్రింగ్, తేదీ కాదు. దాని ఫలితాన్ని సెల్‌లో తేదీగా రాయొద్దు. యూజర్‌ఫామ్ టెక్స్ట్‌బాక్స్ నుంచి నేరుగా సెల్‌కి రాసేవాళ్లకీ ఇదే జరుగుతుంది. స్ట్రింగ్‌లతో నిండిన అరేను (విలువల జాబితాను) ఒక్క దెబ్బలో రేంజ్‌కి రాసినా ఇంతే.

ఇక మీ ఫైల్ సంగతి. సీఎస్‌వీకి నేను సిఫారసు చేసేది క్వెరీటేబుల్, అంటే బయటి ఫైల్ నుంచి డేటాను షీట్‌లోకి దించే ఎక్సెల్ సాధనం. ఒక్కో కాలమ్ ఏ రకమో మీరే చెప్పొచ్చు, రీజియన్‌తో పని ఉండదు. కీవర్డ్‌లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, ఎడిటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

షీట్.క్వెరీటేబుల్స్.యాడ్‌తో మొదలుపెట్టండి. కనెక్షన్ దగ్గర టెక్స్ట్ అనే మాట, సెమికోలన్, ఆ వెంటనే ఫైల్ దారి. డెస్టినేషన్‌గా ఖాళీ షీట్‌లో మొదటి సెల్. తర్వాత టెక్స్ట్‌ఫైల్‌పార్స్‌టైప్ డీలిమిటెడ్, టెక్స్ట్‌ఫైల్‌కామాడీలిమిటర్ ట్రూ. అసలు సంగతి టెక్స్ట్‌ఫైల్‌కామాడీలిమిటర్ కింద వచ్చే టెక్స్ట్‌ఫైల్‌కాలమ్‌డేటాటైప్స్. దానికి అరే(4, 2, 1, 1, 1) లాంటిది ఇవ్వాలి. ఇందులో 1 అంటే జనరల్, 2 టెక్స్ట్, 3 నెల-రోజు-ఏడు, 4 రోజు-నెల-ఏడు, 5 ఏడు-నెల-రోజు, 9 అంటే ఆ కాలమ్‌ను వదిలేయమని. మీ తేదీ కాలమ్‌కి 4. లావాదేవీ రిఫరెన్స్ నంబర్లు, ఖాతా నంబర్లు ఉన్న కాలమ్‌కి తప్పకుండా 2 ఇవ్వండి. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెల వరకే నిజంగా నిలుస్తాయి, ఆపైన ఉన్నవి సున్నాలైపోతాయి, ముందున్న సున్నాలు కూడా ఎగిరిపోతాయి. ఫైల్ యూటీఎఫ్-8 అయితే టెక్స్ట్‌ఫైల్‌ప్లాట్‌ఫామ్‌కి 65001 ఇస్తే వివరాల కాలమ్‌లోని తెలుగు పేర్లు చెడకుండా వస్తాయి. చివర్లో రిఫ్రెష్ బ్యాక్‌గ్రౌండ్‌క్వెరీ:=ఫాల్స్, ఆ తర్వాత క్వెరీటేబుల్‌ను డిలీట్ చేయండి. డేటా ఉండిపోతుంది, లింక్ మాత్రమే పోతుంది. బ్యాక్‌గ్రౌండ్ ఫాల్స్ పెట్టకపోతే డేటా పూర్తిగా దిగకముందే మాక్రో తర్వాతి లైనుకి వెళ్లిపోతుంది.

చాలామంది దీనికి బదులు వర్క్‌బుక్స్.ఓపెన్‌టెక్స్ట్ వాడి, ఫీల్డ్‌ఇన్ఫోలో ఇవే సంఖ్యలు ఇస్తారు. ఫైల్ పేరు .సీఎస్‌వీ అని ముగిస్తే ఎక్సెల్ ఫీల్డ్‌ఇన్ఫోను అసలు పట్టించుకోదు. ఎర్రరూ రాదు. ఆ దారిలోనే వెళ్లాలంటే ఫైల్‌ను .టీఎక్స్‌టీగా కాపీ చేసుకుని తెరవాలి.

సమాధానం 3

తేదీతో పాటు సమయం కూడా అతుక్కుని వచ్చే ఫైళ్లు ఉంటాయి, 03/04/2024 14:25 అన్నట్టు. వాటిలో ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గానే (2) తెచ్చుకుని, ముక్కలు చేసి డేట్‌సీరియల్‌తో కట్టడం మేలు. డేట్‌సీరియల్‌కి ఏడు, నెల, రోజు విడివిడి సంఖ్యలుగా ఇస్తాం కాబట్టి రీజియన్‌కి వేలు పెట్టే చోటే ఉండదు.

పాఠం = ట్రిమ్(రిప్లేస్(పాఠం, సీహెచ్‌ఆర్‌డబ్ల్యూ(160), " "))
పాఠం = స్ప్లిట్(పాఠం, " ")(0)
పాఠం = రిప్లేస్(రిప్లేస్(పాఠం, "-", "/"), ".", "/")
ముక్కలు = స్ప్లిట్(పాఠం, "/")
రోజు = సీలాంగ్(ముక్కలు(0))
నెల = సీలాంగ్(ముక్కలు(1))
ఏడు = సీలాంగ్(ముక్కలు(2))
ఫలితం = డేట్‌సీరియల్(ఏడు, నెల, రోజు)

మొదటి లైను ఊరికే పెట్టింది కాదు. వెబ్‌సైట్ల నుంచి దించిన ఫైళ్లలో మామూలు ఖాళీ బదులు 160 నంబరు ఖాళీ ఉంటుంది. చూడ్డానికి తేడా ఉండదు, ట్రిమ్ దాన్ని తీయదు, సీలాంగ్ దగ్గర టైప్ మిస్‌మ్యాచ్ (ఎర్రర్ 13) వస్తుంది. మూడు ముక్కలు వచ్చాయా, మూడూ అంకెలేనా అని సీలాంగ్‌కి ముందే చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. డేట్‌సీరియల్ తప్పు తేదీని తిరస్కరించదు, ముందుకు దొర్లిస్తుంది. డేట్‌సీరియల్(2024, 13, 4) అంటే 4 జనవరి 2025 అని ఇస్తుంది. 31 ఏప్రిల్ ఇస్తే 1 మే అంటుంది. కాబట్టి కట్టిన వెంటనే డే(ఫలితం) = రోజు, మంత్(ఫలితం) = నెల అవునో కాదో పోల్చండి. కాకపోతే ఆ వరుసకు రంగు వేసి పక్కన పెట్టండి, తేదీ మాత్రం రాయొద్దు. రెండంకెల ఏడాది వస్తే మీరే 2000 కలపండి. అది ఏ శతాబ్దమో తేల్చే హద్దు కూడా విండోస్ రీజియన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, అక్కడా సిస్టమ్ మారితే ఫలితం మారే వీలుంది.

సెల్‌లో రాసేటప్పుడు ఫలితం డేట్ రకం వేరియబుల్‌గానే వెళ్లాలి. ఆ తర్వాత నంబర్‌ఫార్మాట్ (సెల్‌లో కనిపించే రూపం) వేరే లైనులో పెట్టండి.

సమాధానం 4

పాత షీట్ల గురించి. మొదటి మాట: బ్యాంకు ఇచ్చిన అసలు సీఎస్‌వీలు ఉంటే బాగుచేయడం జోలికే పోవద్దు, పైన చెప్పిన దారిలో మళ్లీ దించుకోండి. అసలు ఫైల్ లేనప్పుడే ఇది.

ఏం పాడయిందో కచ్చితంగా లెక్కపెట్టవచ్చు. రోజు, నెల రెండూ 12 లోపు ఉంటేనే తిరగబడటం సాధ్యం. ఏ నెలలోనైనా 1 నుంచి 12 వరకు ఉన్న తేదీల్లో రోజు, నెల ఒకటే అయినది (04/04 లాంటిది) అలాగే ఉంటుంది, మిగతా 11 తప్పు తేదీలవుతాయి. ఏడాది మొత్తం మీద తప్పుగా మారగలిగే తేదీలు 132. ఏప్రిల్ స్టేట్‌మెంట్ అయితే 1 నుంచి 12 వరకు ఉన్నవి 4 జనవరి, 4 ఫిబ్రవరి, అలా 4 డిసెంబర్ దాకా చెల్లాచెదురవుతాయి. 13 నుంచి 30 వరకు ఉన్న 18 తేదీలు మీకు కనిపిస్తున్నట్టు టెక్స్ట్‌గా మిగులుతాయి.

ఇందులోనే ఒక మంచి తనిఖీ దొరుకుతుంది. ఏప్రిల్ స్టేట్‌మెంట్‌లో తిరగబడిన ప్రతి తేదీలోనూ డే విలువ 4 అయి తీరాలి. సంఖ్యగా ఉన్న తేదీల్లో డే 4 కానిది ఒక్కటి కనబడినా, దాన్ని ఎవరో చేత్తో సరిచేశారనే అర్థం. కింది ఫార్ములా వేస్తే ఆ సరైన తేదీ కాస్తా మళ్లీ పాడవుతుంది. ముందు వాటిని గుర్తించి పక్కన పెట్టండి.

తర్వాత పక్కన కొత్త కాలమ్‌లో, పాతదాని మీద కాకుండా:

=ఇఫ్(ఈజ్‌నంబర్(ఏ2), డేట్(ఇయర్(ఏ2), డే(ఏ2), మంత్(ఏ2)), డేట్(రైట్(ఏ2,4), మిడ్(ఏ2,4,2), లెఫ్ట్(ఏ2,2)))

సంఖ్య అయితే రోజుని, నెలని అటూ ఇటూ మారుస్తుంది. టెక్స్ట్ అయితే అక్షరాల నుంచి కడుతుంది, రోజూ నెలా రెండంకెల్లో ఉన్నాయన్న లెక్కతో. ఈ కాలమ్‌ను కాపీ చేసి పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అతికించండి.

బ్యాంకు స్టేట్‌మెంట్ కావడం మీకు కలిసొచ్చే విషయం. వరుసలు లావాదేవీ జరిగిన క్రమంలో ఉంటాయి, పక్కన రన్నింగ్ బ్యాలెన్స్ ఉంటుంది. సరిచేసిన కాలమ్‌లో ప్రతి తేదీ పై వరుస తేదీ కంటే వెనక్కి పోకూడదు. పోయిందంటే అక్కడ ఆగి చూడండి. అయితే ఎవరైనా ఇప్పటికే తప్పు తేదీల మీద సార్ట్ చేసి సేవ్ చేసి ఉంటే ఈ క్రమం పోయినట్టే. అప్పుడు ముందు బ్యాలెన్స్ గొలుసును పట్టుకుని (పై వరుస బ్యాలెన్స్, ప్లస్ జమ, మైనస్ ఖర్చు) వరుసలను యథాస్థానానికి తేవాలి. శ్రమే, కానీ లెక్క కుదురుతుంది. కొనుగోలు బిల్లుల రిజిస్టర్ లాంటి వాటికి ఈ ఆధారం ఉండదు, వాటిని బిల్లు కాగితంతోనే పోల్చాలి.

తేడా నెల-రోజు తారుమారు కాకుండా సరిగ్గా 1462 రోజులు, అంటే 4 ఏళ్ల 1 రోజు ఉంటే అది వేరే జబ్బు. ఒక వర్క్‌బుక్ 1904 తేదీ పద్ధతిలో ఉందన్నమాట, పాత మ్యాక్ ఫైళ్లలో కనిపిస్తుంది. వర్క్‌బుక్‌కి డేట్1904 ప్రాపర్టీ ట్రూనా ఫాల్సా చూడండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

చాలా వివరంగా చెప్పారండి, ధన్యవాదాలు. క్వెరీటేబుల్‌లో 4 ఇచ్చాక రెండు సిస్టమ్‌లలోనూ 45385 వచ్చింది. ఇదే మాక్రోలో ఇంకా మూడు చోట్ల తేదీ వాడుతున్నాం: నెలవారీ ఆటోఫిల్టర్‌లో, గడువు దాటిన వాటికి గుర్తు పెట్టే ఫార్ములాను మాక్రోతో రాసే చోట, తేదీ కలిపి ఫైల్ పేరు పెట్టే చోట. ఇక్కడి సిస్టమ్‌లలో ఫైల్ సేవ్ అవుతోంది, అమెరికా సిస్టమ్‌లో సేవ్ చేయబోతే ఎర్రర్ 1004 వస్తోంది. ఫార్ములా అయితే ప్రతి వరుసకూ గుర్తు పెట్టేస్తోంది.

సమాధానం 2 ఇచ్చినవారు మళ్లీ

మూడింటికీ మూలం ఒకటే. తేదీని & గుర్తుతో స్ట్రింగ్‌కి అతికించగానే వీబీఏ దాన్ని సిస్టమ్ షార్ట్ డేట్ రూపంలోకి మారుస్తుంది.

ఫార్ములా సంగతి చూడండి. "=ఇఫ్(ఏ2>=" & గడువు & ..." అని రాస్తే ఇక్కడి సిస్టమ్‌లో సెల్‌లోకి వెళ్లేది ఏ2>=03-04-2024. ఎక్సెల్‌కి అది తీసివేత: 3 లోంచి 4, అందులోంచి 2024, మొత్తం మైనస్ 2025. ఏ తేదీ అయినా మైనస్ 2025 కంటే పెద్దదే కాబట్టి ప్రతి వరుసకూ గుర్తు పడుతుంది. గీత బదులు స్లాష్ ఉన్న సిస్టమ్‌లో అది భాగహారమవుతుంది, దాదాపు 0.00037. ఫలితం అక్కడా అంతే. తేదీ బదులు దాని సంఖ్యను అతికించండి: సీలాంగ్(ఇంట్(గడువు)).

ఇంట్ ఎందుకంటే, సీలాంగ్ దశాంశాన్ని కత్తిరించదు, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది. తేదీతో పాటు మధ్యాహ్నం 2 గంటల 25 నిమిషాలు ఉంటే 45385.6 కాస్తా 45386 అయ్యి మర్నాటికి దూకుతుంది. సమయం కూడా కావాల్సిన చోట సీస్ట్ర్ వాడొద్దు, స్ట్ర్ వాడండి. దశాంశానికి కామా పెట్టే జర్మనీ లాంటి రీజియన్లలో సీస్ట్ర్ 45385,6 అని ఇస్తుంది, ఆ కామాను ఫార్ములా ఇంకో ఆర్గ్యుమెంట్ అనుకుంటుంది. స్ట్ర్ ఎప్పుడూ చుక్కే పెడుతుంది.

ఆటోఫిల్టర్‌కీ ఇదే మందు. స్ట్రింగ్‌గా ఇచ్చిన తేదీని అది అమెరికా వరసలో చదువుతుంది. ఏప్రిల్ 2024 కావాలంటే క్రైటీరియా1 ">=45383", ఆపరేటర్ యాండ్, క్రైటీరియా2 "<45413". అంటే 1 ఏప్రిల్ నుంచి 1 మే లోపు. "<=30 ఏప్రిల్" అని పెట్టొద్దు, 30న సమయంతో పాటు నమోదైన ఎంట్రీలు జారిపోతాయి. ఒక్క రోజు కావాలన్నా సమానం గుర్తు కాకుండా ఈ రెండు హద్దుల పద్ధతే నమ్మకం.

ఫైల్ పేరు విషయంలో, ఫార్మాట్ ఫంక్షన్‌లో స్లాష్ అంటే స్లాష్ అక్షరం కాదు, "ఈ సిస్టమ్‌లో తేదీ ముక్కల మధ్య ఏ గుర్తు వాడతారో అది" అని. ఇక్కడ అది అడ్డగీత కాబట్టి పేరు 03-04-2024 అయ్యి సేవ్ అవుతోంది. అమెరికాలో నిజంగానే స్లాష్ వస్తుంది, ఫైల్ పేరులో స్లాష్ చెల్లదు, అందుకే 1004. పేరులో తేదీకి "వైవైవైవై-ఎమ్ఎమ్-డీడీ" వాడండి. అడ్డగీత ఏ సిస్టమ్‌లోనైనా అడ్డగీతే, పైగా ఫోల్డర్‌లో పేర్ల వారీగా పేర్చినప్పుడు తేదీల క్రమంలోనే ఉంటాయి. ఏదైనా రిపోర్టులో స్లాషే కావాల్సి వస్తే దాని ముందు వెనక్కి వాలిన గీత (\) పెట్టండి, అప్పుడు మారదు.

సమాధానం 5

తెచ్చుకోవడం గురించే అందరూ చెప్పారు, పంపడంలోనూ ఇదే గొయ్యి ఉంది. మాక్రోలో సేవ్‌యాజ్‌తో సీఎస్‌వీగా సేవ్ చేస్తే, లోకల్ ఇవ్వనప్పుడు షార్ట్ డేట్ ఫార్మాట్‌లో ఉన్న తేదీలు అమెరికా వరసలో రాయబడతాయి. షీట్‌లో 03-04-2024 అని చూసి నిశ్చింతగా పంపితే అవతలి సాఫ్ట్‌వేర్‌కి అందేది 4/3/2024. సేవ్ చేసే ముందు ఆ కాలమ్ నంబర్‌ఫార్మాట్‌ను ఏడు-నెల-రోజు, అడ్డగీతలతో పెట్టండి. 2024-04-03ని ఏ రీజియన్‌లోనూ రెండు రకాలుగా చదవలేరు.

ఫార్మాట్ సెల్స్ పెట్టెలో నక్షత్రం గుర్తు ఉన్న తేదీ రూపాలు చూసే ఉంటారు. అవి తెరిచిన సిస్టమ్ రీజియన్‌ను బట్టి మారిపోతాయి. కోడ్‌లో నంబర్‌ఫార్మాట్‌కి "ఎమ్/డీ/వైవైవైవై" ఇచ్చినా అదే నక్షత్రం రూపం పడుతుంది. అందరికీ ఒకేలా కనిపించాలంటే ఏడు-నెల-రోజు గానీ, నెల పేరు అక్షరాల్లో ఉండే రూపం గానీ ఎంచుకోండి. నెల పేరు కూడా సిస్టమ్ భాషలోకి మారకుండా ముందు [$-409] తగిలిస్తే ఇంగ్లీషులోనే నిలుస్తుంది.

జర్మనీలో ఉన్నవాళ్లకి పంపే షీట్లలో టెక్స్ట్ ఫంక్షన్‌ని తగ్గించుకోండి. అక్కడ ఏడాదికి జే అక్షరం, రోజుకి టీ అక్షరం. ఇక్కడ రాసిన నాలుగు వైలు అక్కడ ఏడాదిగా కాకుండా ఉత్త అక్షరాలుగా కనిపిస్తాయి. ఇయర్, మంత్, డే ఫంక్షన్లతో కడితే ఆ బెడద లేదు, ఫంక్షన్ పేర్లను ఎక్సెలే అనువదించుకుంటుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇంకొక్కటి అడుగుతాను. ఇదే ఆఫీసులో మరో పాత మాక్రో ఉంది, దానిలో అన్నిచోట్లా సీడేట్ వాడారు. అది సర్వర్‌లో టాస్క్ షెడ్యూలర్‌తో రాత్రిపూట నడుస్తుంది. మేం లాగిన్ అయ్యి నడిపితే సరిగ్గా వస్తుంది, రాత్రి దానంతట అది నడిస్తే తేదీలు తిరగబడతాయి. సర్వర్‌లో రీజియన్ ఇండియానే ఉంది.

సమాధానం 3 ఇచ్చినవారు మళ్లీ

రీజియన్ సెట్టింగ్ సిస్టమ్‌కి ఒకటి కాదండీ, ఒక్కో యూజర్‌కి ఒకటి. మీరు చూసింది మీ లాగిన్‌ది. రాత్రి టాస్క్ నడిచే ఖాతాది వేరే, దానికి మొదటినుంచీ అమెరికా సెట్టింగే ఉండి ఉంటుంది. టాస్క్ ప్రాపర్టీస్‌లో ఏ ఖాతా కింద నడుస్తోందో చూడండి. అది మామూలు ఖాతా అయితే దానితో లాగిన్ అయ్యి కంట్రోల్ ప్యానెల్, రీజియన్, ఫార్మాట్స్ ట్యాబ్‌లో మార్చండి. విండోస్ సొంతంగా వాడుకునే సిస్టమ్ ఖాతా అయితే మీ లాగిన్‌లో సరైన సెట్టింగ్ పెట్టుకుని, అదే పెట్టెలో అడ్మినిస్ట్రేటివ్ ట్యాబ్‌కి వెళ్లి కాపీ సెట్టింగ్స్ నొక్కి, వెల్‌కమ్ స్క్రీన్, సిస్టమ్ ఖాతాలు అన్న చోట టిక్ పెట్టండి. అడ్మిన్ హక్కులు కావాలి, తర్వాత సర్వర్ రీస్టార్ట్ అడుగుతుంది. ఆ సర్వర్‌లో ఇంకేవైనా ప్రోగ్రామ్‌లు అమెరికా తేదీలనే నమ్ముకుని నడుస్తుంటే అవి దెబ్బతినే వీలుంది, ముందే కనుక్కోండి.

ఇది తాత్కాలికమే. సర్వర్ మారిన రోజు మళ్లీ మొదటికి వస్తుంది. ఆ మాక్రోలో సీడేట్, డేట్‌వాల్యూ అనే మాటలను వెతికి, ఒక్కోచోట లోపలికి వెళ్లేది స్ట్రింగా, తేదీయా చూడండి. తేదీ అయితే సీడేట్ తీసేయొచ్చు. స్ట్రింగ్ అయితే పైన ఇచ్చిన డేట్‌సీరియల్ ముక్కను పెట్టండి. మార్చేదాకా రక్షణగా మాక్రో మొదట్లో అప్లికేషన్.ఇంటర్నేషనల్(32) విలువ చూడండి: 0 అంటే నెల ముందు, 1 అంటే రోజు ముందు, 2 అంటే ఏడు ముందు. 1 కాకపోతే లాగ్ ఫైల్లో ఒక లైను రాసి మాక్రోను అక్కడే ఆపేయండి. ఒక రాత్రి పని ఆగితే మర్నాడు నడుపుకోవచ్చు, తప్పు తేదీలతో లెడ్జర్‌లో పడ్డాక వెతకడం కష్టం.

సమాధానం 6

మాక్రో తప్పనిసరి కాదనుకుంటే ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీ (కోడ్ రాయకుండా డేటా దించుకునే సాధనం) కూడా చూడండి. తేదీ కాలమ్ హెడర్ మీద రైట్ క్లిక్, చేంజ్ టైప్, యూజింగ్ లొకేల్ (లొకేల్ అంటే రీజియన్ లాంటిదే), రకం డేట్, లొకేల్ ఇంగ్లీష్ (ఇండియా). ఆ లొకేల్ క్వెరీలోనే నిలిచిపోతుంది, ఎవరి సిస్టమ్‌లో రిఫ్రెష్ చేసినా అదే వరసలో చదువుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: సీఎస్‌వీ తెరవగానే పవర్ క్వెరీ తనంతట తానే చేంజ్డ్ టైప్ అనే మెట్టు ఒకటి పెడుతుంది, అది తెరిచిన సిస్టమ్ రీజియన్‌తో జరుగుతుంది. ముందు ఆ మెట్టును తీసేసి, తర్వాత మీది పెట్టండి. దాన్ని ఉంచి కింద ఇంకోటి చేరిస్తే, అప్పటికే తేదీ మారిపోయి ఉంటుంది కాబట్టి మీ లొకేల్‌కి చేయడానికి ఏమీ మిగలదు.